రూలరైన మహారాజు

కుంకుమగిరి శిఖరాల మీద అప్పుడే పొడిచిన సూర్యుడు హేలాపురి కోట బురుజులకు బంగారు పూత పూస్తున్నాడు. పాలరాతి స్తంభాల నడుమ వేలాడే ముత్యాల సరాలు సముద్రపు గాలికి ఒకదాన్నొకటి తాకి చిరుసవ్వడి చేస్తున్నాయి. పన్నీటి పరిమళం, నెమలి పింఛాల వింజామరలు, అడుగు వేస్తే చీలమండ దాకా కూరుకుపోయే తివాచీలు, వాటి చివర నవరత్నాలు పొదిగిన సింహాసనం. ఆ సింహాసనం మీద రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుని కుంకుమగిరి ప్రభువు ప్రచండవర్మ మహారాజు కొలువుదీరి ఉన్నాడు.

ప్రచండవర్మ ధర్మాత్ముడు, దయామయుడు. ఆయన ఏనుగెక్కితే ఏనుగును చూసి జాలిపడాలనిపించే భారీ విగ్రహం. ఆయనకున్న బలహీనత ఒక్కటే, బిరుదులు. పొద్దున్నే వందిమాగధులు వాటిని చదవడం మొదలుపెడితే మధ్యలో ఆగి మజ్జిగ తాగి మళ్లీ అందుకోవలసి వచ్చేది.

"శత్రుభయంకర! సముద్రగర్వాపహార! పనసపండు పరీక్షాదక్ష!" అని వాళ్లు గొంతు చించుకుంటుండగా ద్వారపాలకుడు ఒక విదేశీ వర్తకుణ్ణి లోపలికి తీసుకొచ్చాడు. వర్తకుడు పొడగరి. తలపాగా కళ్ల మీదికి దించుకున్నాడు. చేతిలో నీలిరంగు గాజుసీసా.

"మహాప్రభూ! సప్తసముద్రాలకు అవతల మంచుదీవి ఒకటుంది. అక్కడి వారి భాష ఇంగిలీసు. ఆ భాషలో రాజులకు ఒక గొప్ప బిరుదు ఉంది. తమ బిరుదులన్నీ కలిపి కాచి వడపోస్తే ఆ ఒక్క మాట మిగులుతుంది," అన్నాడు వర్తకుడు.

మహారాజు దిండ్ల మీద నుంచి ముందుకు జరిగాడు. "ఏమిటయ్యా ఆ మాట?"

"రూలర్!"

"రూలర్..." మహారాజు ఆ మాటను కలకండ ముక్కలా నోట్లో అటూ ఇటూ దొర్లించాడు. "అంటే?"

"ఏలేవాడు, ప్రభూ. ఈ సీసా మూత తీసి ఆ ఒక్క మాట అంటే చాలు. ఆ బిరుదు తమకు శాశ్వతం."

పక్క ఆసనంలో ఉన్న మహారాణి చంపకవల్లీదేవి మెల్లగా వంగి, "ఏమండీ, ఉన్న బిరుదులు చాలవూ? ఊరూ పేరూ తెలియని మనిషి ఇచ్చిన సీసా మూత మీరే తీయాలా?" అంది.

"నువ్వుండు, చంపకం," అని మహారాజు మూత లాగేశాడు.

సీసాలోంచి నీలిపొగ భుగభుగమంటూ లేచింది. ఆ పొగలో నెత్తిన పొడుగు టోపీ, ఒంటిన నల్లకోటు, మెడకు పట్టీ కట్టుకున్న ఒక భూతం ప్రత్యక్షమైంది. అది సభనంతా విసుగ్గా చూసి, "మీ మాటలు నాకర్థమవుతాయి. కానీ ఆజ్ఞ మాత్రం మా భాషలోనే ఇవ్వాలి. అది రూలు," అంది.

"రూలర్!" అని గర్జించాడు మహారాజు.

భూతం గడ్డం గోక్కుంది. "పొడుగెంత?"

"మా వంశంలో అందరికన్నా పొడుగు నేనే!" అన్నాడు మహారాజు ఛాతీ విరుచుకుని.

భూతం భుజాలెగరేసి చిటికె వేసింది. మెరుపు మెరిసింది. సభలో అందరూ కళ్లు నులుముకుని చూసేసరికి సింహాసనం మీద మహారాజు లేడు. రెండు దిండ్ల మీద నున్నగా చెక్కిన టేకుకర్ర ఒకటి ఉంది. మూరెడు పొడవు. అంచు పొడుగునా కొలత గీతలు. బడిలో పంతుళ్లు గీతలు గీయడానికి వాడే రూళ్లకర్ర!

వర్తకుడు విరగబడి నవ్వాడు. తలపాగా జారిపోయింది. కిటికీలోంచి పడిన ఎండకు అతని కంటిపాపలు పిల్లికళ్లలాగా సన్నగా నిలువుగా ముడుచుకున్నాయి.

"మాంత్రికుడు మార్జాలనేత్రుడు!" అంటూ రాకుమారుడు కువలయుడు కత్తి దూసి ఒక్క ఉరుకు ఉరికాడు.

"అవును, నేనే!" మాంత్రికుడు సీసాను ఒడిసిపట్టి కిటికీ మీదికి గెంతాడు. "మీ రాజగురువు కోట చుట్టూ దిగ్బంధనం చేశాడు. సంస్కృత మంత్రం లోపలికి రాదు, తెలుగు మంత్రం రాదు. ఇంగిలీసు సంగతి పాపం ముసలాయనకు తట్టలేదు! కాకులకొండ మీద యంత్రం గీస్తున్నాను. అది పూర్తికాగానే వెయ్యిమంది రాక్షసులతో వస్తాను. ఆ దిండ్లు అలాగే ఉంచండి, నాకు పనికొస్తాయి!"

కువలయుడు విసిరిన కత్తి అతని అంగీ కొసను మాత్రమే తెగ్గోసింది. మాంత్రికుడు ఎగిరే చాప మీద మబ్బుల్లో కలిసిపోయాడు.

సభలో హాహాకారాలు చెలరేగాయి. ఆ గోలలో సన్నటి గొంతు ఒకటి వినిపించింది. "ఎవరయ్యా అక్కడ! నేనిక్కడే ఉన్నాను. నన్ను కాస్త నిలబెట్టండి!"

మహారాణి పరుగున వెళ్లి కర్రను ఒళ్లోకి తీసుకుంది. కన్నీళ్లు ఆగలేదు. కొంగుతో కర్రను తుడుస్తూ, "చెబితే విన్నారా?" అంది. తరువాత పరిచారికల వైపు తిరిగి, "ప్రభువుల వారిని ఎండలో పెట్టకండి, వంకర పోతారు. చెదలు రాకుండా కాస్త కర్పూరం అద్దండి," అని ఆజ్ఞాపించింది.

రాజగురువు తనకు తెలిసిన మంత్రాలన్నీ చదివాడు. కర్ర తుమ్మింది తప్ప మారలేదు. అప్పుడు మహామంత్రి శూలపాణి, "ఇంగిలీసు తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. నిరుడు మన రేవు దగ్గర ఓడ పగిలి ఒక తెల్లదొర ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. అతని పేరు మన జాలరుల నోళ్లలో బర్నబ్బాయి దొర అయింది. అతణ్ణి ఎవరో ఎత్తుకుపోయారు," అన్నాడు.

"ఎవరో ఏమిటి, ఈ పిల్లికళ్లవాడే," అంది మహారాణి. కళ్లు తుడుచుకుని లేచి, సింహాసనం ఎక్కి కూర్చుని, భర్త ఖడ్గాన్ని ఒళ్లో పెట్టుకుంది. "నాయనా కువలయా, కోట సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ఆ దొరనీ, ఆ సీసానీ పట్టుకో. మీ నాన్నగారిని మనిషిని చేసుకురా."

కువలయుడు తల్లి పాదాలకు మొక్కి, తండ్రిని నడుముకు దోపుకుని గుర్రమెక్కాడు.

దారి పొడుగునా మహారాజు నోరు మూతపడలేదు. "ఒరే, కుడివైపు దోపరా, ఎడమవైపు నీ కత్తిపిడి గుచ్చుకుంటోంది... ఒరే, గుర్రాన్ని నెమ్మదిగా తోలరా... ఆకలి లేకపోవడం ఏమిటోరా, జీవితంలో మొదటిసారి!"

"నాన్నగారూ, శత్రువుల ప్రాంతం. కాస్త మెల్లగా మాట్లాడండి."

"రాజు మెల్లగా మాట్లాడితే రాజెలా అవుతాడురా?"

ముళ్లడవి దాటారు. సెగలు కక్కే బూడిదలోయ దాటారు. ఆ అవతల మొసళ్లవాగు. వంతెనను మాంత్రికుడు ముందే కూల్చేశాడు. కువలయుడు గుర్రాన్ని విడిచి బండరాళ్ల మీద నుంచి గెంతుతూ అవతలి గట్టుకు దగ్గరయ్యాడో లేదో, కాలి కింద బండ కదిలింది. అది బండ కాదు. పల్లకీ అంత మొసలి గిర్రున తిరిగి గుహలాంటి నోరు తెరిచింది.

కత్తి తీసే వ్యవధి లేదు. "నాన్నగారూ, క్షమించండి!" అంటూ కువలయుడు రూళ్లకర్రను లాగి మొసలి నోట్లో నిలువుగా ఇరికించాడు. దవడలు తెరిచినవి తెరిచినట్టే బిగుసుకుపోయాయి.

"ఒరే ఒరే ఒరే! దీని పళ్లు పుట్టాక ఎవరూ తోమలేదురా!" అని లోపల్నుంచి మహారాజు కేక.

కువలయుడు మొసలి వీపు మీదుగా పరుగెత్తి, ఒడ్డున పెరిగిన రెల్లుగడ్డి పీకి, దాని ముక్కులో పెట్టి తిప్పాడు. మొసలి మహాభయంకరంగా తుమ్మింది. ఆ తుమ్ముకు రాజుగారు బాణంలా ఎగిరి అవతలి గట్టు మీద జామచెట్టు కొమ్మకు తగిలి కిందపడ్డారు. కువలయుడు ఒక్క అంగలో గట్టెక్కి కర్రను తీసుకుని తన ఉత్తరీయంతో తుడిచాడు.

"ఎక్కడైనా విరిగిందా, నాన్నగారూ?"

"విరగలేదు గాని, మీ అమ్మకు ఈ ముక్క చెప్పకు," అన్నాడు మహారాజు.

కాకులకొండ ఎదురుగా నిలిచింది. కొండ నల్లన, దాని మీది కోట అంతకంటే నల్లన. ఎముకలతో కట్టిన గోడలు, పుర్రెల తోరణాలు, బురుజు బురుజుకూ పచ్చకళ్లతో కాపలా కాసే గండుపిల్లులు. ఆకాశంలో కాకులు గుంపులు గుంపులుగా తిరుగుతూ ఉంటే కోట పొగలో మునిగినట్టు కనిపించింది. కోటగుమ్మం దగ్గర కుంభోదరుడనే రాక్షసుడు కూర్చుని మరమరాలు తింటున్నాడు.

పొదల చాటునుంచి చూస్తున్న కువలయుడికి వాడు తనలో తాను గొణుక్కోవడం వినిపించింది. "అయ్యగారికి చెయ్యి వణుకు. గీత గీస్తే పాము. యంత్రం ఎప్పటికి పూర్తవుతుందో! సూటిగా గీత గీసేవాడు దొరికితే పైకి పంపమంటాడు. ఈ కొండెక్కి ఎవడొస్తాడు?"

కాసేపట్లో పొదల చాటునుంచి ఒక పంతులు బయటికొచ్చాడు. నుదుట అడ్డనామాలు, గుబురు గడ్డం, ముడివేసిన జుట్టు, చంకలో తాటాకుల కట్ట, చేతిలో రూళ్లకర్ర. గడ్డం రెల్లుగడ్డిదని దగ్గరగా చూస్తే తప్ప తెలియదు.

"ఎవడివిరా?" అన్నాడు కుంభోదరుడు.

"నన్ను గీతాచార్యులంటారు, బాబూ."

"గీత చెబుతావా?"

"చెప్పను, గీస్తాను."

రాక్షసుడి మొహం విప్పారింది. మరమరాలు పక్కన పెట్టి పంతుల్ని భుజాల మీద ఎత్తుకుని మెట్లన్నీ పరుగున ఎక్కాడు.

లోపల మందిరంలో మార్జాలనేత్రుడు పులిచర్మం మీద కూర్చుని ఉన్నాడు. నడుముకు నీలిసీసా వేలాడుతోంది. ఎదురుగా స్తంభానికి గొలుసులతో కట్టి ఉన్నాడు బర్నబ్బాయి దొర. ఎర్రటి బుగ్గలు, ఎండుగడ్డిలాంటి జుట్టు, చిరిగిన కోటు.

"ఇంకా ఎన్ని అర్థాలున్నాయిరా ఆ దిక్కుమాలిన మాటకి?" అని మాంత్రికుడు పళ్లు నూరాడు. "మొదట ఏలడం అన్నావు. బాగుంది, నేను ఏలుతాను అంటే, ఆగమన్నావు."

"ఆగవలెను, సార్," అన్నాడు దొర వినయంగా. "రూల్ అంటే ఏలుట. రూల్ అంటే గీత గీయుట కూడా. మరియు కట్టుబాటు కూడా రూల్. మరియు మామూలుగా జరిగే సంగతికి కూడా మేము రూల్ అందుము. ఏది ఎక్కడ వచ్చునో తెలియకుండా మీరు అంటే, సార్, మీరూ కర్ర."

"మరి రాజు కావాలంటే సరిగ్గా ఏమనాలిరా?"

"అది రేపు పాఠం, సార్."

"రోజూ ఇదే మాట!"

దొర తల దించుకున్నాడు. పాఠం అయిపోయిన రోజు తన ప్రాణం కూడా అయిపోతుందని ఆయనకు తెలుసు. అందుకే ఆ ఒక్క మాటను నెల్లాళ్లుగా నములుతున్నాడు. కువలయుడికి ఒక్క చూపులోనే ఆ సంగతి అర్థమైంది.

కుంభోదరుడు పంతుల్ని దించి, "అయ్యా, గీతాచార్యులు. సూటి గీతలు!" అన్నాడు.

మార్జాలనేత్రుడి దృష్టి రూళ్లకర్ర మీద పడింది. "ఆహా, మంచి టేకు! ఇలా ఇవ్వు. గీయడం నేనే చేస్తాను, నువ్వు కర్ర కదలకుండా పట్టుకో," అని లాక్కున్నాడు. నేల మీద పసుపు, బొగ్గు, కుంకుమలతో సగం వేసిన మహాయంత్రం ఉంది. అంచులన్నీ పూర్తయ్యాయి. మధ్యలో 'రాక్షస' అన్న మాట అక్షరాలకు గీయవలసిన గీతలే మిగిలాయి. మాంత్రికుడు కర్రను నేలకు అదిమి బొగ్గుతో అంచు వెంట బర్రుమని ఒక గీత లాగాడు.

మహారాజుకు చక్కిలిగింతలు పుట్టాయి. నవ్వొచ్చినా నోరు తెరవకూడదు. కువలయుడు కర్ర కొసను గట్టిగా నొక్కిపట్టుకుని, కళ్లతోనే బతిమాలుకున్నాడు. కర్రంతా సన్నగా వణికింది.

"ఏమిటిది, కదులుతోందే?"

"నాణ్యమైన టేకు, అయ్యా. జీవం ఉంటుంది," అన్నాడు పంతులు.

మాంత్రికుడు ఇంకో గీతకు కర్రను ఆనించాడు. ఈ గీతతో వెయ్యిమంది రాక్షసులు లేస్తారు, తన హేలాపురి మీద పడతారు, తన చంపకం ఒంటరిగా సింహాసనం మీద కూర్చుని ఉంది. ప్రచండవర్మకు ఒళ్లు మండింది. మొసలి నోట్లో పడ్డప్పటినుంచీ బిగపట్టుకున్న పొట్టను ఒక్కసారిగా వదిలేశాడు. కర్ర నడుమ గుమ్మడికాయంత ఉబ్బు లేచింది. దాని వెంట పోతున్న బొగ్గు ఎగిరి, వంకర తిరిగి, పక్క అక్షరాల్లోకి దూసుకుపోయింది. 'రాక్షస' అని రావలసిన చోట 'రాజహంస' అని వచ్చింది.

యంత్రం భగ్గుమంది. నేల బద్దలైంది. అందులోంచి మంచులా తెల్లని రాజహంసలు ఒకటి తరువాత ఒకటి, పది తరువాత పది, రెక్కలు టపటపలాడిస్తూ పైకి లేచాయి. నిద్ర చెడిన కోపంలో ఉన్న వెయ్యి హంసలు! ఒక గుంపు మార్జాలనేత్రుడి గడ్డం పట్టుకుంది, ఒక గుంపు కుంభోదరుడి మరమరాల మీద పడింది. గండుపిల్లులు తోకలు ముడిచి బురుజులు దిగి పారిపోయాయి.

కువలయుడు గడ్డం పీకేసి తాటాకుల కట్టలో దాచిన కత్తి దూశాడు. ఒక్క వేటుకు దొర గొలుసులు తెగాయి. రెండో వేటుకు మాంత్రికుడి నడుముపట్టీ తెగి సీసా చేతిలోకి వచ్చింది. పంచె జారిపోతున్న మాంత్రికుడు రెండు చేతులా దాన్ని పట్టుకోవడంతో మంత్రదండం ఎత్తడానికి మూడో చెయ్యి లేకపోయింది.

"నన్ను మరిచిపోకురా!" అని నేల మీద నుంచి మహారాజు అరిచాడు. కువలయుడు వంగి తండ్రిని అందుకున్నాడు. ముక్కు పట్టుకున్న హంసను విదిలిస్తూ "అవుట్! అవుట్! బయటికి పో!" అని కేకలు పెడుతున్న దొర రెక్క పుచ్చుకుని మేడపైకి పరుగు తీశాడు.

మేడ మీద మాంత్రికుడి వాహనం, రెండు తలల గండభేరుండ పక్షి, కట్టుకొయ్యకు కట్టి ఉంది. కువలయుడు తాడు కోసి, దొరను వెనక కూర్చోబెట్టుకుని, "తూర్పుకు పద!" అన్నాడు.

"తూర్పెందుకు, ఎండ కళ్లలో పడుతుంది," అంది కుడితల.

"నిన్నెవరడిగారు? పంజరం తప్పింది, అది చాలు," అంది ఎడమతల. రెండూ వాదించుకుంటూనే పక్షి ఆకాశానికి ఎగిరింది. కింద కోట అరచేయంత అయింది. కొండ దాటగానే నీలసముద్రం పరుచుకుంది. వెనక, చాప మీద నిలబడి, పంచె ఒక చేత్తో, దండం ఒక చేత్తో పట్టుకుని మార్జాలనేత్రుడు తరుముకొస్తున్నాడు.

కువలయుడు సీసా మూత తీశాడు. భూతం టోపీ సర్దుకుంటూ లేచి పక్షి పక్కనే గాలిలో తేలింది. "కొత్త యజమానివా? నీకు మూడు మాటలు. నాలుగోది లేదు. అది రూలు."

మాంత్రికుడు విసిరిన నిప్పుబంతి ఒకటి చెవి పక్క నుంచి దూసుకుపోయింది. ఆలోచించే వీల్లేదు. తండ్రి మళ్లీ రాజ్యం ఏలాలి, అంతే కదా!

"రూల్!" అని అరిచాడు కువలయుడు.

"అయ్యో, కాదు!" అన్నాడు దొర. అప్పటికే భూతం కోటు జేబులోంచి సిరాబుడ్డి తీసింది. క్షణంలో పక్షి రెక్కల మీద, కువలయుడి మొహం మీద, దొర బుగ్గల మీద, మబ్బుల మీద, ఆకాశం ఈ కొస నుంచి ఆ కొస దాకా నల్లటి సూటి గీతలు పడ్డాయి.

"దూరం సరిపోయిందా, ఇంకా దగ్గరగా గీయాలా?" అంది భూతం.

ఒక మేలు జరిగింది. చారల ఆకాశంలో చారల పక్షి ఎక్కడుందో మార్జాలనేత్రుడికి కనిపించలేదు. చారల మబ్బొకదాన్ని పట్టుకుని, "దొరికావు!" అని అరుస్తూ పడమటి దిక్కుకు పోయాడు.

కువలయుడు ఊపిరి పీల్చుకుని దొర వైపు తిరిగాడు. దొర కిందికి చూసి, కళ్లు తిరిగి, పక్షి ఈకల్లో మొహం దాచుకుని ఏదో ప్రార్థన చేసుకుంటున్నాడు. ఎంత కుదిపినా తల ఎత్తలేదు. అవుట్ అంటే బయటికి పో అని దొర హంసలతో అన్న మాట కువలయుడికి గుర్తొచ్చింది. నాన్నగారు ఈ రూళ్లకర్రలోంచి బయటికి రావాలి. ఇంతకంటే తేలిక ఏముంది?

"రూల్ అవుట్!" అన్నాడు ధీమాగా.

భూతం కర్రను ఒకసారి పరీక్షగా చూసి చిటికె వేసింది. కర్ర కింది కొస పొగలా పలచబడి మాయమవడం మొదలుపెట్టింది.

"ఒరే కువలయా, నా కాళ్లు కనపడటం లేదురా," అన్నాడు మహారాజు. "ఇంతకీ నాకు కాళ్లున్నాయా?"

దొర తలెత్తి చూసి కెవ్వుమన్నాడు. "ఏమంటివి నీవు? రూల్ అవుట్ అంటే ఆ సంగతి ఇక లేదు, ఉండదు అని కొట్టివేయుట! నీ తండ్రిని నీవే కొట్టివేస్తివి!"

కువలయుడు దొర భుజం పట్టి కుదిపాడు. మూరెడు కర్ర జానెడైంది. "దొరా! రాజుని మీ భాషలో ఇంకేమంటారు? త్వరగా చెప్పు!"

"కింగ్ అనవచ్చును..."

"ఏ కింగు?" అంది భూతం ఉత్సాహంగా. "చదరంగంలోదా, పేకముక్కల్లోదా? రెండూ సిద్ధంగా ఉన్నాయి."

"వద్దు! ఇంకోటి!"

"సావరిన్ అందురు..."

"బంగారు నాణెం. మెరుపు బాగుంటుంది," అంది భూతం.

"మోనార్క్!"

"సీతాకోకచిలుక. నారింజ రెక్కలు, నల్ల చారలు."

జానెడు కర్ర బెత్తెడైంది. మహారాజు గొంతు దూరం నుంచి వస్తున్నట్టు సన్నబడింది. "సీతాకోకచిలుకైనా ఫరవాలేదురా, నాయనా. మీ అమ్మ పూలతోటలో ఉంటాను. ఆవిడ రోజూ సాయంత్రం అక్కడికే వస్తుంది."

కువలయుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నప్పుడు జ్వరం వస్తే తెల్లవార్లూ తనను ఆ పెద్ద పొట్ట మీద పడుకోబెట్టుకుని జోకొట్టిన తండ్రి ఇప్పుడు అరచేతిలో అగ్గిపుల్లంత ఉన్నాడు. రాజు పోతే పోయాడు. తనకు కావలసింది రాజు కాదు.

"దొరా, నీకు పిల్లలున్నారా?"

"ఒక పాప ఉన్నది," అన్నాడు దొర. ఆ ఎర్రబుగ్గల మీద గీతల మధ్య నుంచి కన్నీరు జారింది.

"ఆ పాప నిన్నేమని పిలుస్తుంది?"

"డాడీ అని."

"ఆ మాటకు వేరే అర్థం ఉందా? కర్రా, నాణెమా, పురుగా?"

దొర తల అడ్డంగా ఊపాడు. "లేదు. పాప గుమ్మంలో నిలబడి ఆ మాట పిలిస్తే నేను పరుగెత్తి వెళ్లుట, అంతే దాని అర్థం."

అగ్గిపుల్ల కొస కూడా పలచబడుతోంది. కుంకుమగిరి యువరాజు, ఏడు కోటలు గెలిచిన వీరుడు, కువలయుడు దాన్ని గుండెకు హత్తుకుని ఆకాశం దద్దరిల్లేలా అరిచాడు.

"డాడీ!"

భూతం అటు చూసింది, ఇటు చూసింది. జేబులన్నీ వెదికింది. ఇంకో అర్థం దొరకలేదు. "సరే," అని చిటికె వేసి, టోపీ ఎత్తి నమస్కరించి, సీసాతో సహా మాయమైపోయింది.

మెరుపు మెరిసింది. పక్షి వీపు మీద, కొడుకు ఒడిలో, కిరీటంతో, మీసాలతో, పట్టుబట్టలతో, పూర్తి పొట్టతో ప్రచండవర్మ మహారాజు ప్రత్యక్షమయ్యాడు.

"నాన్నగారూ!" అంటూ కువలయుడు ఆయన్ను కౌగిలించుకున్నాడు. చేతులు చుట్టూ అందలేదు.

"ఒరే, కాళ్లున్నాయిరా! రెండూ ఉన్నాయి!" అని మహారాజు ఆనందంగా వాటిని ఆడించాడు. దొర చప్పట్లు కొడుతూ ఏడ్చాడు.

ఆ ఆనందం అంతటితో సరి. గండభేరుండ పక్షి ఒక్కసారిగా కిందికి కుంగింది.

"ఇందాకటి వరకు ఇద్దరే కదా ఉన్నారు!" అని కుడితల రొప్పింది.

"వెనక్కి తిరిగి చూడకు, నేను చూశాను. ఇక మన వల్ల కాదు," అంది ఎడమతల. ఎగరడం మొదలుపెట్టాక ఆ రెండు తలలూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు. రెక్కలు ముడుచుకుని పక్షి పల్టీ కొట్టింది.

ముగ్గురూ గాలిలోకి జారిపోయారు. కువలయుడు ఒక చేత్తో తండ్రి నడికట్టును, ఇంకో చేత్తో దొర కోటును పట్టుకున్నాడు. ముగ్గురిలోనూ బరువైనవాడు ముందుండి దారి చూపిస్తున్నాడు. కింద సముద్రం గిర్రున తిరుగుతూ పైకి వస్తోంది. దాని మధ్యలో నీళ్లు రెండుగా చీలాయి. ద్వీపమనుకున్న నల్లటి వీపు కదిలింది. కోటగుమ్మం అంత నోరు తెరుచుకుంది. తిమింగలం!

మహారాజు కిరీటం సర్దుకుని, వేలు చూపిస్తూ ఉరుములాగా గర్జించాడు. "ఓయ్! మేము కుంకుమగిరి ప్రభువులం. పక్కకు తప్పుకో! ఇది రాజాజ్ఞ!"

"సార్, నన్ను చెప్పనివ్వండి," అని దొర గొంతెత్తి ఇంగిలీసులో బతిమాలాడు. కువలయుడు సంస్కృతంలో ఒక శ్లోకం చదివాడు.

ఏ భాషా రాని ఆ తిమింగలం నోరు ఇంకొంచెం పెద్దదిగా తెరిచింది.